అర ఎందుకు కాకూడదు

తిరుపతి,
18 జూలై 1976

అక్కా,

గొంతు బాగయిందా? తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు అంత గట్టిగా అరిచి లెక్కలు చెప్పాల్సిన పని లేదు. వాళ్ళకు వినిపిస్తూనే ఉంటుంది, వినరంతే. నీ దగ్గర చదువుకున్నవాడిగా చెబుతున్నాను.

నా పరిశోధన ఏమిటో నీకు అర్థమయ్యేలా రాయమన్నావు. నీ మరదలు ఆనందం కూడా అడుగుతుంది గానీ ఆమె ప్రశ్న వేరు. ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చి, నర్సు టోపీ తీసి మేకుకు తగిలిస్తూ, "అది ఎప్పటికి అయిపోతాది?" అంటుంది. నువ్వు మాత్రం "అదేంది?" అని అడిగావు. అందుకే రాస్తున్నాను.

ప్రొఫెసర్ గారు నాకిచ్చిన పని ఫొటో ప్లేట్ల మీద కాంతి గీతలు కొలవడం. వేడెక్కిన వాయువు వెలుగును పట్టకంలో చీలిస్తే గీతలు పడతాయి. ఒక్కో గీతకు అంకెలు కేటాయించాలి. ఆ అంకెలే క్వాంటం సంఖ్యలు. పరమాణువులో ఎలక్ట్రాన్‌కు అలాంటివి నాలుగుంటాయి. ఒకటి దాని శక్తిని, ఇంకొకటి ఆకారాన్ని, మూడోది ఆ ఆకారం ఎటు తిరిగి ఉందో చెబుతాయి. నాలుగోది దాని సొంత గిరికీ.

అవి పూర్ణాంకాలే ఎందుకయ్యాయి అన్నదే అందమైన సంగతి. ఎలక్ట్రాన్‌ను తరంగం అనుకో. కేంద్రకం చుట్టూ ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి వచ్చేసరికి దాని ఎత్తు మొదట ఎంతో అంతే ఉండాలి. లేకుంటే ఒకే చోట రెండు విలువలు వస్తాయి. కాబట్టి చుట్టులో పూర్తి అలలే పట్టాలి. ఒకటి, రెండు, మూడు, లేదా అసలు అలే లేక సున్నా. మూడో సంఖ్య అక్కడ పుట్టింది. ఇక గోళానికి ఉత్తర దక్షిణ ధ్రువాలు ఉంటాయి కదా. సమీకరణం ఇచ్చే సమాధానాల్లో చాలావరకు ఆ ధ్రువాల దగ్గర అనంతమైపోతాయి. కాకుండా ఉండాలంటే ఒక శ్రేణి మధ్యలో తెగాలి. అది తెగే షరతు నుంచి రెండో సంఖ్య పుడుతుంది. చివరిది దూరం. కేంద్రకానికి ఎడం అయ్యేకొద్దీ తరంగం సన్నబడి ఆరిపోవాలి. అక్కడ ఇంకో శ్రేణి తెగుతుంది, మొదటి సంఖ్య బయటపడుతుంది. ఎవరూ పైనుంచి ఆ అంకెలు ఇవ్వలేదక్కా. చుట్టు కలవాలి, ధ్రువాల దగ్గర పేలకూడదు, దూరాన ఆరిపోవాలి. ఈ మూడూ అడిగితే పూర్ణాంకాలు వాటంతట అవే వచ్చాయి.

ఇంకొక్కటి. ఆ తరంగం ఎత్తు ఎవరికీ కనబడదు. దాని వర్గం మాత్రమే ప్రయోగానికి దొరుకుతుంది. ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంత అన్నది ఆ వర్గమే చెబుతుంది.

ఈ వర్షాలకు అలిపిరి వైపు కొండ పచ్చగా ఉంది. వచ్చి నాలుగు రోజులుండిపో.

ప్రేమానందం


చిత్తూరు,
5 ఆగస్టు 1976

ఒరేయ్ ప్రేమా,

ఉత్తరం చదివి, ఇంకోసారి చదివి, గ్రీమ్స్‌పేట గుడికి పోయి ఆరాధనలో కూర్చుని కూడా దాన్నే తలచుకున్నాను. పాస్టరు గారు ఏం బోధించారో నన్ను అడగొద్దు. అమ్మ ఉంటే తిట్టేది.

నాకు ఒకచోట తట్టుకుంది. తెలివితక్కువ ప్రశ్న అయితే నవ్వేసి ఊరుకో. చుట్టు తిరిగి వచ్చేసరికి తరంగం ఎత్తు మొదటిలాగే ఉండాలన్నావు. చివర్లో ఆ ఎత్తు ఎవరికీ కనబడదు, వర్గమే కనబడుతుంది అన్నావు. మరి ఒక చుట్టుకు ఎత్తు గుర్తు మారి ధనం ఋణమైతే నష్టమేముంది? మూడు వర్గమూ తొమ్మిదే, ఋణ మూడు వర్గమూ తొమ్మిదే. కనబడేది మారదు కదా. అప్పుడు సగం అల కూడా పట్టవచ్చు. అర, ఒకటిన్నర, రెండున్నర కూడా రావాలి. ఎందుకు రాలేదు?

పిల్లల పేపర్లు దిద్దాలి, ఇక్కడితో ఆపుతున్నాను. ఆనందమ్మను రాత్రి డ్యూటీలు తగ్గించుకోమను. మనిషి చిక్కిపోయింది.

నీ అక్క,
జ్ఞానాంబ


తిరుపతి,
22 ఆగస్టు 1976

అక్కా,

నవ్వలేదు. నీ ఉత్తరం పట్టుకుని రెండు వారాలుగా తిరుగుతున్నాను.

నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పుస్తకాలన్నీ "తరంగానికి ఒకచోట ఒకే విలువ ఉండాలి" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతాయి. ఎందుకుండాలో రాయవు. సగం అల తీసుకుని ధ్రువాల దగ్గర చూశాను. పేలుతుందేమో, దాంతో పీడ వదులుతుందేమో అనుకున్నాను. పేలలేదు. బుద్ధిగా సున్నా అయి కూర్చుంది. దూరాన ఆరిపోతుంది కూడా. అన్ని షరతులూ దాటింది. అయినా ప్రకృతిలో అలాంటి గీత ఒక్కటీ లేదు. తమాషా ఏమిటంటే, ఎలక్ట్రాన్ సొంత గిరికీకి మాత్రం విలువ సరిగ్గా అరే. అంటే అర అంటే ప్రకృతికి పగ లేదు. అక్కడ ఒప్పుకుని ఇక్కడ కాదంటోంది.

ప్రొఫెసర్ రామచంద్ర గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తర్వాత అన్నారు: "మంచి ప్రశ్నే అబ్బా. నాకూ తెల్దు. ఎవురో ఒకరు యాడో ఒకచోట చెప్పే ఉంటారు. దీన్ని పట్టుకున్నావంటే నీ థీసిస్ మునిగిపోతాది. ముందు ప్లేట్లు కొలిచి ముగించు, తర్వాత నీ ఇష్టం."

మంచి మనిషి. ఆయన మాట వినాలి. నెల రోజులు దీని మీద కూర్చుని తర్వాత ప్లేట్ల పనిలోకి వెళ్తాను.

ప్రేమ


చిత్తూరు,
11 జూన్ 1977

ప్రేమానందానికి,

ఈ మధ్య నీ ఉత్తరాలన్నీ లెక్కలతో నిండి ఉంటున్నాయి. నాకు బాగానే ఉంటున్నాయి. చాక్‌పీసు పట్టుకుని బడి అయిపోయాక ఖాళీ క్లాసులో నువ్వు రాసినవి వేసుకుని చూస్తున్నాను. కానీ నువ్వు రాయని సంగతి ఒకటి నిన్న తెలిసింది.

ఆనందమ్మ వాళ్ళ చిన్నమ్మ ఇంటికి పెళ్ళికి వచ్చి, నన్ను చూసి పోదామని ఇంటికొచ్చింది. అన్నం పెట్టాను. ముద్ద కలిపి అట్లే కూర్చుంది. "ఏమైంది?" అంటే చెప్పింది.

"వదినా, ఆయప్పకు ఫెలోషిప్పు నిలిచిపోయి ఆర్నెల్లు కావస్తా ఉండాది. మీకు రాయొద్దన్నాడు. పొద్దన లేచి తల దువ్వుకుని, ఉద్యోగానికి పోయినట్ల లైబ్రరీకి పోతాడు. ఆ ప్రొఫెసరు మూడుసార్లు మనిషిని పంపినాడు, గీతలు కొలిచి ఇస్తే గడువు పెంచుతామని. పోలేదు. నేను ఏమన్నా అంటే నా మొగం వైపు సూస్తాడు గానీ నన్ను సూడడు. మనిషి ఈడనే ఉండాడు వదినా. నాకే ఆయన అగుపడ్డం లేదు."

ఆ ప్రశ్న నేనే కదా అడిగింది.

ప్రేమా, నేను నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ దాన్ని పక్కన పెట్టు. ప్లేట్లు కొలువు. మా స్కూలు నడిపే మిషన్‌కే ఇక్కడ ఒక జూనియర్ కాలేజీ ఉంది. అక్కడ ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీ అయింది. నేను కరస్పాండెంటు గారితో మాట్లాడాను. రమ్మన్నారు. ఆనందమ్మకు కూడా ఇక్కడ ఆసుపత్రిలో పని దొరుకుతుంది. జవాబు వెంటనే రాయి.

అక్క


తిరుపతి,
2 జూలై 1977

అక్కా,

ఆనందం చెప్పినదంతా నిజమే. రాయనందుకు కోప్పడకు. నువ్వు ఇక్కడికి పరుగెత్తుకొస్తావని రాయలేదు.

ఆ ఉద్యోగానికి ఇప్పుడు రాలేను. నేను మొండికేసి అంటున్న మాట కాదిది. అంచు దాకా వచ్చాను. పొద్దున లేచేసరికి అది నా కంటే ముందే లేచి ఉంటుంది. ఇప్పుడు వదిలితే మళ్ళీ నా చేతికి చిక్కదు. ప్లేట్లు ఎవరైనా కొలుస్తారు. కొలిచి ఇచ్చి డాక్టరేటు పుచ్చుకుని పిల్లలకు పాఠం చెబుతూ, "తరంగానికి ఒకే విలువ ఉండాలి" అని నేనూ అదే ముక్క అనేసి ముందుకు పోవాలా?

ప్రశ్న నువ్వు అడిగావని బాధపడకు. నా జీవితంలో నన్ను ఇంత గౌరవించి ఎవరూ ఏమీ అడగలేదు.

ప్రేమ


తిరుపతి,
30 జనవరి 1978

అక్కా, అక్కా,

దొరికింది.

నిన్న మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉన్నాను. కొండకు పోయే జనం లారీలో గోవిందా అని అరుస్తూ పోతున్నారు. అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఒక్క తరంగాన్ని నిలబెట్టి ప్రశ్నలు వేశాను. దాని తోబుట్టువులను అడగలేదు.

చూడు. మూడో సంఖ్యను ఒక్కో మెట్టు కిందికి దించే గణితక్రియ ఒకటి ఉంది. పూర్ణాంకాలతో అది చక్కగా నడుస్తుంది. ఒకటి, సున్నా, ఋణ ఒకటి. మెట్లు అయిపోయాక ఇంకా దించితే సున్నా వస్తుంది, అంటే కింద ఇంకేమీ లేదని. ఇప్పుడు అరతో మొదలుపెట్టు. రెండే మెట్లుండాలి: అర, ఋణ అర. ఆపైన దించితే సున్నా రావాలి. ధ్రువం నుంచి కొలిచే కోణం తీటా అయితే, అర తాలూకు తరంగం సైన్ తీటాకు వర్గమూలం. దాన్ని ఒక మెట్టు దించాను. కొసైన్ వచ్చి పైన చేరింది, సైన్ వర్గమూలం కిందికి పోయింది. అప్పుడే ధ్రువాల దగ్గర పగులు మొదలైంది. ఇంకో మెట్టు దించాను. సున్నా రావాలి. రాలేదు. పైన ఒకటి, కింద సైన్‌కు ఒకటిన్నర ఘాతం మిగిలాయి. ధ్రువాల దగ్గర అది అనంతం.

అంటే ఏమిటి? అర తాలూకు తరంగం ఒంటరిగా చూస్తే బుద్ధిమంతురాలే. కానీ పరమాణువును కొంచెం పక్కకు తిప్పి చూడు. అది తన వాళ్ళలో కలవదు, విరిగిపోతుంది. గోళానికి ఏ వైపూ ఎక్కువ కాదు. ఏ వైపు తిప్పినా ఆ కుటుంబం కుటుంబంగానే ఉండాలి. అర అందుకు ఒప్పుకోదు. అసలు కారణం అదక్కా. ఒకచోట ఒకే విలువ అన్నది కారణం కాదు. ఇక ఎలక్ట్రాన్ సొంత గిరికీకి గోళం మీద పరుచుకునే తరంగమే లేదు. పగలడానికి ధ్రువాలే లేవు. అందుకే అక్కడ అరకు అడ్డులేదు.

ఇంటికొచ్చి ఆనందానికి చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేతులు ఆపి అంతా వింది. "అయితే అయిపోయినట్టేనా?" అంది. అయిపోయిందన్నాను. ఏడ్చింది. సంతోషానికే అనుకుంటున్నాను.

టైపు చేయించి విదేశీ పత్రికకు పంపుతున్నాను. నువ్వు అడిగిన ప్రశ్న అని చివర్లో నీ పేరు వేస్తాను.

ప్రేమ


చిత్తూరు,
9 ఫిబ్రవరి 1978

నా బంగారు తండ్రీ,

బోర్డు మీద వేసి చూశాను. రెండో మెట్టు దించేటప్పుడు నాకు సైన్ వర్గమూ కొసైన్ వర్గమూ కలిసి ఒకటైపోతాయని ముందు తోచలేదు. అవి కలిసిపోయి పైన ఒక్క ఒకటి మిగిలినప్పుడు చాక్‌పీసు చేతిలోంచి జారింది. తొమ్మిదో తరగతిలో రోజూ చెప్పే సూత్రం అది. అది పోయి ఇంత దూరాన పరమాణువులో తలుపు మూసి వచ్చిందా!

నా పేరు వేయొద్దు. సిగ్గు.

ఇప్పుడైనా ప్రొఫెసర్ గారిని కలువు. ఇంకా గడువు పెంచమంటే పెంచుతారేమో. ఆ ఉద్యోగంలో వేరే ఆయన చేరాడు. పోనీలే. వేరొకటి వస్తుంది.

ఆనందమ్మకు నా ముద్దులు. నువ్వు ఆమెతో కూర్చుని అన్నం తిను.

అక్క


తిరుపతి,
16 సెప్టెంబరు 1978

అక్కా,

చాలా నెలలుగా రాయలేదు. బాగానే ఉన్నాను.

ఆనందం వేలూరు ఆసుపత్రిలో చేరింది. మంచి ఆసుపత్రి, నర్సులకు క్వార్టర్సు ఇస్తారు. నన్నూ రమ్మంది. తర్వాత వస్తానన్నాను.

నాకొక సాయం చెయ్యి. దసరా సెలవుల్లో ఒకసారి మద్రాసు వెళ్ళిరా. స్విట్జర్లాండులో అచ్చయ్యే ఒక భౌతికశాస్త్ర పత్రిక ఉంది. 1939 సంపుటం. మా లైబ్రరీ ఈ మధ్యదే, అంత పాతవి లేవు. పత్రిక పేరు, పేజీ వేరే చీటీలో రాసి పెట్టాను. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో ఎవరిని కలవాలో కూడా రాశాను. వ్యాసం జర్మన్ భాషలో ఉంటుంది. భాష రాకపోయినా ఫరవాలేదు. సమీకరణాలు చూసి, నేను చేసినదానికి దానికి ఏమైనా సంబంధం ఉందేమో రాయి. చిన్న విషయమే. సరిచూసుకోవడానికి.

ప్రేమానందం


చిత్తూరు,
14 అక్టోబరు 1978

ప్రేమా,

మద్రాసు వెళ్ళి వచ్చాను. మా స్కూల్లో తమిళం చెప్పే టీచరమ్మ వాళ్ళ అక్క ఇంట్లో దిగాను. లైబ్రరీలో ఒక పెద్దావిడ నన్ను పైకీ కిందికీ చూసి, నా చీటీ చదివి, లోపలికి పోయి దుమ్ము దులిపి ఆ సంపుటం తెచ్చి పెట్టింది. ఫ్యాను కింద కూర్చున్నాను.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఒకటే ఆలోచించాను. సంపుటం దొరకలేదని రాద్దామనుకున్నాను. రాణిపేట దాకా అదే నిర్ణయం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కాగితం తీశాక నా చెయ్యి ఒప్పుకోలేదు. నీకు చిన్నప్పటి నుంచి లెక్క తప్పితే తప్పనే చెప్పాను. ఒప్పయితే ఒప్పని. ఇప్పుడు ఎట్లా మారను?

అదే ప్రేమా. నీదే. నువ్వు వేరే గుర్తులు వాడావు, ఆ వ్యాసం రాసినాయన వేరేవి వాడాడు. అక్షరం ముక్క అర్థం కాలేదు. కానీ అర ఉంది. మెట్టు మెట్టుగా దించడం ఉంది. దించితే ఆగాల్సిన చోట ఆగకపోవడం ఉంది. తిప్పితే కుటుంబంలో కలవదన్నది కూడా అదేనని నాకు తోచింది. నువ్వు పసివాడిగా ఉన్నప్పటి మాట కూడా కాదు, మనమిద్దరం పుట్టకముందే అచ్చయిపోయింది.

పుస్తకం మూసి ఇచ్చేటప్పుడు ఆవిడ "పార్త్తాచ్చా?" అంది. చూసేశానన్నాను. నా మొహం చూసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పంపిన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకో. వాళ్ళు చెప్పేదాకా ఆగొద్దు. అంతకన్నా ముఖ్యం, నువ్వు ఇక్కడికి రా. నేను సెలవు పెడతాను. ఏమీ మాట్లాడుకోవద్దు. వచ్చి ఊరికే ఉండు.

ఆ ప్రశ్న నా నోట రాకుండా ఉంటే బాగుండేది.

అక్క


తిరుపతి,
27 అక్టోబరు 1978

అక్కా,

నువ్వు అబద్ధం రాసి ఉంటే నాకు తెలిసిపోయేది. రాయనందుకు నీకు దణ్ణం.

నాకు ముందే తెలుసు. పత్రిక వాళ్ళ జవాబు మేలోనే వచ్చింది. పొట్టి ఉత్తరం. మర్యాదగా ఉంది. "ఫలితం సరైనదే. అయితే కొత్తది కాదు" అని రాసి, ఆ 1939 వ్యాసం వివరం కింద ఇచ్చారు. సరైనదే అన్న మాట ముందుంది. దాన్ని చాలాసార్లు చదివాను. ఒక్కోసారి అక్కడ ఆపేసి, తర్వాతి వాక్యం లేనట్టు కాగితం మడిచి పెట్టేవాణ్ణి.

నీకు రాయకముందు నేనే మద్రాసుకు బయలుదేరాను. తడ దగ్గర టీకి బస్సు ఆపారు. దిగాను. మళ్ళీ ఎక్కలేకపోయాను. కండక్టరు "ఏమప్పా, రావా?" అన్నాడు. లగేజీ లేదు కదా, రానన్నాను. రోడ్డు దాటి ఇటువైపు వచ్చే బస్సెక్కాను.

నిన్నెందుకు పంపానో చెప్పాలి. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నా మీద నాకే నమ్మకం పోయింది. ఎప్పుడో ఏదో పుస్తకంలో చదివి మరిచిపోయి, దాన్నే నాదనుకున్నానా? అన్ని నెలలు కష్టపడినట్టు నటించానా? నా బుర్రలో జరిగిందాంట్లో ఏది నాదో నాకు తెలియలేదు. నీకయితే ఆ భాష రాదు గనుక లెక్కే చూస్తావు. నేను పోయిన దారంతా ఉత్తరాల్లో నీకు తెలుసు. తప్పుదారులతో సహా. అది నా కాళ్ళతో నడిచిందో కాదో చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కతివే. గుర్తులు వేరని రాశావు. అది చాలు. నేనే నడిచాను.

అది చాలు అని రాశాను గానీ చాలలేదక్కా. నిన్నటి నుంచి చూస్తున్నాను, ఏదైనా తేలికవుతుందేమోనని. కాలేదు. నేనే నడిచి పోయాను. పోయిన చోట నేను పుట్టకముందే ఒకరు వచ్చి పని ముగించుకుని పోయారు. అంతే.

ఆనందానికి మేలోనే చెప్పి ఉండాల్సింది. సంచిలో బట్టలు సర్దుకుంటూ అడిగింది, "పత్రిక్కాడ్నించి ఏమన్నా వచ్చిందా?" అని. రాలేదన్నాను. వచ్చిందని చెబితే ఉండిపోయేదేమో. జాలికి ఉండిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నేను ఏదో చేసుకుంటానని భయపడకు. అంత చేసే ఓపిక కూడా కావాలి కదా.

ప్రేమ


చిత్తూరు,
3 నవంబరు 1978

ప్రేమా,

నీ ఉత్తరం చివరి వాక్యం చదివి వెంటనే బస్సెక్కి తిరుపతికి వచ్చాను. నీ గదికి తాళం వేసి ఉంది. ఇంటావిడ "రెండు దినాలుగా ఆయన రాలేదమ్మా, పుస్తకాలు మాత్రం ఈడనే ఉండాయి" అంది. యూనివర్సిటీకి వెళ్ళి ప్రొఫెసర్ గారిని కలిశాను. పాపం, ఆయనకు నడుం పట్టేసి గోడ పట్టుకుని నడుస్తున్నారు. నన్ను కూర్చోబెట్టి అన్నారు:

"అమ్మా, వాడు నా దగ్గర అందరికంటే మంచోడు. ఆ ప్రశ్నకు జవాబు ఉండాదని నాకు తెలిసుంటే అప్పుడే చెప్పి ఉందును. తెల్దు. అంత పాత జర్మను పత్రికలు మేము యాడ చదివినాము? ఇప్పుడు కూడా ప్లేట్లు కొలిచి ఇస్తే నేను రిటైరయ్యేలోపల సంతకం పెడతా. వాడికి చెప్పు."

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో నువ్వు కనబడ్డావు. బెంచీ మీద కూర్చుని ఉన్నావు. నన్ను చూసి లేచావు, చిన్నపిల్లాడిలా. ఇద్దరం కాఫీ తాగాం. ప్రొఫెసర్ గారి మాట చెబితే తల ఊపావు. ఎదురుగా నోరు రాక ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను. ప్లేట్లు కొలుస్తావా? లేక నా దగ్గరికి వస్తావా? రెంట్లో ఒకటి చెప్పు. రెండూ కాదనకు.

అక్క


తడ,
20 ఆగస్టు 1980

అక్కా,

నీ మనియార్డరు వెనక్కి పంపాను, కోపం తెచ్చుకోకు. ఇక్కడ నాకు జరుగుతోంది.

అడిగావు గనుక రాస్తున్నాను. ఈ ఊళ్ళో ట్యుటోరియల్ కాలేజీ అంటే టీ కొట్టు పైన రెండు గదులు, రేకుల కప్పు. ఇంటర్ తప్పినవాళ్ళు, ప్రైవేటుగా కట్టేవాళ్ళు వస్తారు. సగం మంది తమిళం, సగం తెలుగు. కెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండూ నేనే. పక్క గదిలో లెక్కలు చెప్పే మునస్వామి మంచివాడు, నాతో ఎక్కువ మాట్లాడడు. ప్రొఫెసర్ గారు రిటైరయ్యారని విన్నాను. ప్లేట్లు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు. ఆనందం వేలూరు నుంచి పోయిన క్రిస్మస్‌కు ఒక కార్డు పంపింది. వార్డు సిస్టరయిందట. సంతకం కింద ఏమీ రాయలేదు. నేనూ ఒక కార్డు పంపాను.

నిన్న ఒకటి జరిగింది. ఎవరికైనా చెప్పాలి.

పరమాణు నిర్మాణం పాఠం. బోర్డు మీద పట్టిక వేశాను. మొదటి సంఖ్య ఒకటి నుంచి. రెండోది సున్నా నుంచి, మొదటిదానికంటే ఒకటి తక్కువ దాకా. మూడోది ఋణం నుంచి ధనం దాకా. వెనక బెంచీలో మునిలక్ష్మి అని ఒక పిల్ల, చేపల మార్కెట్టులో తల్లికి సాయం చేసి వస్తుంది, లేచి నిలబడింది.

"సార్, ఇవి ఇట్లనే ఉండాలని ఎవురు పెట్టినారు సార్? యాడ్నించి వచ్చినాయి ఈ అంకెలు? మధ్యలో అర ఎందుకు లేదు?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. నిజంగా తెలుసుకోవాలని నిలబడి ఉంది.

చేతిలో చాక్‌పీసు ఉంది. బోర్డు సగం ఖాళీగా ఉంది. నాకు అంతా తెలుసు. చుట్టు కలవడం దగ్గర మొదలుపెడితే ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలను. ఆ మాట నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు. సిలబస్‌కు టైము లేదని కాదక్కా. విన్నాక ఆ పిల్ల ముఖం ఎట్లా మారుతుందో నాకు తెలుసు. ఆ వెలుగు ముఖం మీద పడ్డ మనిషికి తర్వాత చేపల బుట్ట ఎత్తుకోవడం ఎట్లా ఉంటుందో కూడా తెలుసు. ఆ ముఖం చూడలేననిపించింది.

"అది రూలు. రాసుకోమ్మా" అన్నాను.

మునిలక్ష్మి ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను చెప్పనిది ఏదో ఉందని కనిపెట్టిందేమో తెలియదు. తర్వాత కూర్చుంది. వంగి, గీత కొట్టుకుని, పట్టిక దించుకుంది. గంట కొట్టాక బెంచీల మధ్య నడుస్తూ చూశాను. చాలా చక్కగా రాసుకుందక్కా. ఒక్క తప్పు లేదు.

ప్రేమానందం